తీరంలో వైఫై డబ్బా: పాటించకూడని సలహాలు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పుతీరంలో చేపలవేట నిషేధం. 61 రోజులు. ఆ రోజుల్లో చీరాల దగ్గరి వాడరేవులో మరపడవలు ఒడ్డునే ఉంటాయి, మగవాళ్ళు ఇళ్ళలో ఉంటారు, పిల్లలకు బడి సెలవులు. ఏడాది మొత్తంలో ఇంటి నెట్ అందరికీ ఒకేసారి అవసరమయ్యే రెండు నెలలూ, ఎండ ముదిరే రెండు నెలలూ ఒకటే. మధ్యాహ్నం రెండింటికి నెట్ ఆగిపోతుంది. డబ్బా ఆపి మళ్ళీ వేస్తే వస్తుంది, పావుగంటకు మళ్ళీ పోతుంది. ఇక సలహాలు మొదలు. ఎదురింటి బాబాయి ఒకటి చెబుతాడు, మేడమీద పిన్ని ఇంకొకటి చెబుతుంది, నెట్ బిగించడానికి వచ్చిన కుర్రాడు పోతూపోతూ మరొకటి చెప్పిపోతాడు. అందరూ మన మేలు కోరే చెబుతారు. అయినా అందులో సగానికి పైగా డబ్బా ఆయుష్షు తీసే మాటలే. పదో తరగతి పిల్లాడు సప్లిమెంటరీకి చదువుకోవడానికీ, పడవల మీద పోయేవాళ్ళు సముద్రం హెచ్చరికలు చూసుకోవడానికీ ఆ డబ్బానే ఆధారమైనప్పుడు ఈ సంగతి చిన్నది కాదు. అందుకని ముందు ఆ తప్పుడు సలహాలనే తీసుకుంటాను. ప్రతిదానిలోనూ కాస్త నిజం ఉంది. ఆ నిజాన్ని వేరుచేసి చూపిస్తే తప్ప మనవాళ్ళు ఆ సలహాను వదలరు.

దానికంటే ముందు డబ్బా ఎందుకు కాగుతుందో తెలియాలి. అడాప్టర్ మీద 12 వోల్టులు, 1 ఆంపియర్ అనో 1.5 ఆంపియర్ అనో రాసి ఉంటుంది. అంటే అది ఇవ్వగలిగింది 12 నుంచి 18 వాట్లు. మామూలు వాడకంలో డబ్బా తీసుకునేది సుమారు 6 నుంచి 10 వాట్లు. పాతరోజుల జీరో బల్బు కంటే కాస్త తక్కువే. అయితే జీరో బల్బును తెల్లారగానే ఆపేసేవాళ్ళం, ఇది నెలంతా ఆగదు. 10 వాట్ల లెక్కన నెలకు 7 యూనిట్లు. అందులో వైఫై తరంగాలుగా బయటికి పోయేది చాలా కొద్ది, మిగిలిందంతా వేడే. ఇంటి డబ్బాల్లో ఫ్యాన్ ఉండదు. కింది చిల్లుల్లోంచి చల్లగాలి లోపలికి పోవాలి, కాగిన గాలి పైచిల్లుల్లోంచి బయటికి రావాలి. చల్లబడటానికి దానికున్న దారి అదొక్కటే.

డబ్బాతో వచ్చే కాగితంలో పనిచేసే ఉష్ణోగ్రత 0 నుంచి 40 డిగ్రీలని ఉండటం మామూలు. ఆ 40 మన హాల్లో థర్మామీటరు చూపించే 40 కాదు, డబ్బాకు ఆనుకుని ఉన్న గాలి లెక్క. హాల్లో 35 ఉన్నా, మూసిన అరలో అంతకు పది డిగ్రీలు ఎక్కువుంటే డబ్బాకు అది 45. చుట్టూ గాలి ఎన్ని డిగ్రీలు పెరిగితే లోపలి చిప్పు కూడా రమారమి అన్ని డిగ్రీలూ పెరుగుతుంది. వాతావరణ శాఖ మైదానాల్లో 40 డిగ్రీలు చేరితేనే వడగాడ్పుల గురించి ఆలోచిస్తుంది, తీరప్రాంతాలకు మాత్రం 37 చేరి, అది మామూలుకంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతే చాలు. తీరంలో రోజూ ఉండే వేడే డబ్బా హద్దుకు చాలా దగ్గర అన్నమాట. రోహిణి కార్తెలో పడమటిగాలి సముద్రపు గాలిని ఒడ్డుకు రానివ్వని రోజున బాపట్లలో ఆ హద్దు దాటిపోతుంది.

వేడి రెండు రకాలుగా దెబ్బతీస్తుంది. చిప్పు కాగితే నెట్ నెమ్మదిస్తుంది, లేదా డబ్బా కదలక మెదలక ఆగిపోతుంది. చల్లబడితే మళ్ళీ లేస్తుంది కాబట్టి అది కనపడే దెబ్బ. కనపడనిది కెపాసిటర్లది. డబ్బాలోనూ అడాప్టర్‌లోనూ చిన్న గొట్టాల్లా ఉండే ఈ భాగాల్లో ద్రవం ఉంటుంది, వేడికి అది కొద్దికొద్దిగా ఎండిపోతుంది. పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగమవుతుందనేది ఎలక్ట్రానిక్స్ వాళ్ళు ఏనాటి నుంచో వాడుతున్న లెక్క. ఈ మే నెలలో చేసిన తప్పుకు డబ్బా వచ్చే దసరాకు పోవచ్చు. అప్పుడు కంపెనీని తిడతాం.

"షోకేసులో పెట్టి అద్దం వేసెయ్యండి, దుమ్ము పడదు"

అన్నిటికంటే ఎక్కువగా వినపడేది ఇదే. నెట్ టీవీతో కలిసి రావడం దీనికి ఒక కారణం. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా తీగలు లాగి, నెలకు 149 రూపాయలకు నెట్, టీవీ, ఫోను మూడూ కలిపి ఇస్తామన్నారు. మన పల్లెల్లో ఎన్నో ఇళ్ళకు మొదటి ఫైబరు అదే. టీవీ కూడా అందులోంచే వస్తుంది కాబట్టి బిగించేవాళ్ళు నెట్ డబ్బాను టీవీ పక్కనే పెట్టారు. టీవీ షోకేసులో ఉంది కాబట్టి డబ్బా కూడా షోకేసులోకే పోయింది. చోటు చాలక టీవీ పెట్టె మీద నెట్ డబ్బా ఎక్కింది. ఆ తరవాత కంపెనీలు మారినా డబ్బా చోటు మారలేదు.

దుమ్ము నిజంగానే చెడ్డది. చీరాల, పేరాల నేత ఇళ్ళలో మరీను. మగ్గం ఆడుతుంటే ఎగిరే నూలు పీచు చిల్లులకు అడ్డంగా పేరుకుంటుంది. కానీ దుమ్ము నెలకోసారి తుడిస్తే పోతుంది, అద్దం వెనక చేరిన వేడి ఎన్ని తుడుపులకూ పోదు. మూసిన అరలో అదే గాలి మళ్ళీమళ్ళీ కాగుతుంది. కింద టీవీ పెట్టె కూడా వేడి వదులుతుంటే, పైనున్న డబ్బా తన చిల్లుల్లోంచి పీల్చేది ఆ వేడిగాలినే. దుమ్ము పడకుండా దానిమీద అల్లికల గుడ్డ కప్పేవాళ్ళున్నారు. ఇంటి ఇల్లాలు కష్టపడి అల్లిన గుడ్డ అది, దాని విలువ నాకు తెలుసు. టీపాయ్ మీద పరవండి, డబ్బా మీద మాత్రం వద్దు.

షోకేసు తప్ప ఇంకెక్కడా చోటు లేదంటారా, అద్దం తలుపులు పూర్తిగా తీసేయండి, వెనకచెక్కకు అరచేయి పట్టేంత కన్నం కొట్టించండి, డబ్బాను టీవీ పెట్టె మీదనుంచి దింపి పక్కన పెట్టండి. వడ్రంగికి అరగంట పని.

"ఎత్తులో ఉంటే సిగ్నల్ బాగా వస్తుంది, సజ్జ మీదికెక్కించండి"

ఎత్తు మంచిదే. నేలమీద పెడితే సోఫాలు, మంచాలు, బీరువాలు తరంగాలకు అడ్డం పడతాయి. కానీ మన ఇళ్ళలో సజ్జకూ పైకప్పుకూ మధ్య రెండు మూడు అడుగులే ఖాళీ. ఆ కప్పు ఆర్‌సీసీ స్లాబు. పగలంతా ఎండను తాగి, పొద్దుగూకిన తరవాత ఆ వేడిని ఇంట్లోకి వదులుతుంది. రాత్రి పదింటికి మంచం మీద లేచి నిలబడి చెయ్యి పైకెత్తితే తేడా మీకే తెలుస్తుంది. ఇంట్లో కాగిన గాలంతా చేరేది అక్కడే. సీలింగు ఫ్యాను గాలి కిందికి కొడుతుంది కాబట్టి సజ్జ మీదికి పెద్దగా రాదు. పైగా సజ్జమీద పాత ఇత్తడి బిందెలు, స్టీలు డబ్బాలు ఉంటాయి, లోహం వైఫైని అడ్డుకుంటుంది. కోరిన సిగ్నల్ కూడా దక్కదు.

రేకుల ఇళ్ళలో ఇది ఇంకా ప్రమాదం. నిజాంపట్నం, రేపల్లె వైపు రొయ్యల చెరువు గట్ల మీద కాపలా షెడ్లలో కెమెరాల కోసం నెట్ డబ్బాలు పెడుతున్నారు. దొంగలకు అందకూడదని వాటిని రేకు కిందే వాసానికి కడతారు. మే నెల ఎండకు రేకు చేత్తో ముట్టుకోలేనంత కాగుతుంది, దాని కింద జానెడు దూరంలో డబ్బా. అక్కడ చెయ్యాల్సింది డబ్బాను ఛాతీ ఎత్తుకు దించి, చుట్టూ చిల్లులున్న ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, షెడ్డు ఉత్తరపు గోడకు బిగించడం. ఇనప పెట్టెలో పెట్టి తాళం వేస్తే దొంగనుంచి కాపాడినట్టే, కానీ వైఫై బయటికి రాదు.

"కిటికీలో పెట్టండి, పైరగాలి తగులుతుంది"

ఈ సలహా మన తీరానిదే, వేరే ఊళ్ళలో ఇంత గట్టిగా వినపడదు. సాయంత్రం దక్షిణపుగాలి తగిలితే ప్రాణం లేచొస్తుంది కదా, డబ్బాకు మాత్రం ఎందుకు తగలకూడదు అంటారు. వేడి ఒక్కటే లెక్కైతే ఇది సరైన మాటే, కదిలే గాలి డబ్బాను చల్లబరుస్తుంది. కానీ ఆ గాలి ఉత్తచేతులతో రాదు.

కెరటం విరిగినప్పుడల్లా సన్నటి తుంపర గాల్లోకి లేస్తుంది. అందులో నీరు ఆరిపోయి ఉప్పు మిగులుతుంది, గాలితోపాటు ఇళ్ళలోకి వస్తుంది. వాడరేవులో కిటికీ ఊచలు ఎంత త్వరగా తుప్పు పడతాయో, రంగు ఎన్నిసార్లు వేయాలో అక్కడివాళ్ళకు చెప్పనక్కరలేదు. అదే ఉప్పు డబ్బా చిల్లుల్లోంచి లోపలి బోర్డు మీదికి చేరుతుంది. పొడిగా ఉన్నంతసేపు దానివల్ల పెద్ద ముప్పు లేదు. కానీ గాల్లో తేమ 75 శాతానికి చేరితే ఉప్పు ఆ తేమను లాగి తనే నీరవుతుంది. తీరంలో రాత్రిళ్ళు తేమ అంతకు మించడం సర్వసాధారణం. అప్పుడు బోర్డు మీద సన్నటి ఉప్పునీటి పొర ఏర్పడుతుంది. ఉప్పునీరు కరెంటును పారనిస్తుంది. అడాప్టర్ పిన్ను మీద, సన్నటి రాగి దారుల మీద పచ్చటి చిలుము మొదలవుతుంది. అడాప్టర్ పిన్నును కాస్త కదిపితే వెలిగి, వదిలితే ఆరిపోయే డబ్బాలు తీరంలో చూస్తుంటాం. వాటికి పట్టింది వేడి జబ్బు కాదు, చిలుము.

సముద్రానికి దూరమయ్యేకొద్దీ గాల్లో ఉప్పు చాలా త్వరగా తగ్గిపోతుంది. వాడరేవు, సూర్యలంక ఒడ్డున ఇళ్ళకు ఇది పెద్ద బాధ, చీరాల, బాపట్ల ఊళ్ళలోకి వచ్చేసరికి తక్కువ, తెనాలిలో పట్టించుకోనక్కరలేదు. అయినా తెనాలిలోనూ కిటికీ వద్దంటాను, ఎండ కోసం. నల్లడబ్బా మీద పడమటి ఎండ గంటసేపు సూటిగా పడితే చుట్టూ గాలి ఎంత చల్లగా ఉన్నా లాభం లేదు. వానజల్లు సంగతి సరేసరి. కిటికీలో ఉన్న డబ్బా తరంగాల్లో సగం వీధిలోకి పోతాయి కూడా.

ఒడ్డున ఉన్నవాళ్ళు డబ్బాను సముద్రంవైపు కిటికీకి ఎదురుగా కాక, ఒక గోడ చాటున పెట్టాలి. గాలి గదిలో తిరిగితే చాలు, డబ్బా మీదికి సూటిగా కొట్టనక్కరలేదు. ఆరు నెలలకోసారి స్విచ్ ఆపి, పిన్ను ఊడదీసి, పొడిగుడ్డతో తుడిచి, చిల్లుల మీద మెత్తటి పొడి బ్రష్షు ఆడించండి. తడిగుడ్డ వద్దు.

"ఏసీ గదిలో పెట్టి, రాత్రి ఆపి పడుకోండి"

ఇందులో రెండు సలహాలు కలిసి ఉన్నాయి. ఏసీ గది చల్లన, కాదనను. కానీ పడకగది సాధారణంగా ఇంటికి ఒక మూల ఉంటుంది, తలుపులు మూసి ఉంటాయి, హాల్లోకి సిగ్నల్ సన్నగిల్లుతుంది. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి ఉంది. తీరంలో వానాకాలపు గాలి 25, 26 డిగ్రీల చల్లటి వస్తువు తగిలితే చాలు, చెమ్మ దిగుతుంది. రాత్రి డబ్బాను ఆపేస్తే అది ఏసీ చల్లదనానికి 22 డిగ్రీలకు దిగిపోతుంది. పొద్దున్నే ఏసీ ఆపి కిటికీలు తెరుస్తాం. చల్లటి మంచినీళ్ళ సీసాకు బయట చెమ్మ పట్టినట్టే డబ్బాకు కూడా పడుతుంది, లోపలా బయటా. ఆ వెంటనే స్విచ్ వేస్తాం. ఆగకుండా నడిచే డబ్బా గాలికంటే ఎప్పుడూ కొంచెం వెచ్చగా ఉంటుంది కాబట్టి దానిమీద చెమ్మ దిగదు. ఉప్పుగాలి ఊళ్ళో ఆ కొద్దిపాటి వెచ్చదనం డబ్బాకు మేలు చేస్తుంది. దానికి నిద్ర అక్కరలేదు.

ఫ్రిజ్ మీద పెడితే చల్లగా ఉంటుందనేది ఉత్త మాట. ఫ్రిజ్ లోపలి వేడిని బయటికి తోసే యంత్రం, చాలా ఫ్రిజ్‌ల పక్క రేకులు ముట్టుకుంటే వెచ్చగా తగలడానికి కారణం అదే. దేవుడి గూట్లో పెట్టొద్దు, దీపం వేడి ఒక ఎత్తు, కర్పూరం మసి ఇంకో ఎత్తు. ఇన్వర్టరు బ్యాటరీ పక్కన, గ్యాసుపొయ్యి పైన కూడా అంతే. డబ్బామీద తడిగుడ్డ వేసేవాళ్ళకు ఒకటే మనవి, ఇప్పుడే తీసేయండి.

"అడాప్టర్ ఏదైనా ఒకటే, పాత సెట్‌టాప్ బాక్సుది పెట్టెయ్యి"

డబ్బా గురించి ఇంత మాట్లాడుకుని అడాప్టర్‌ను మంచం వెనక, పరుపుకు ఆనించి వదిలేస్తాం. వేడికి ముందుగా పోయేది తరచూ అదే. వేసవి సాయంత్రాలు ఊళ్ళో అందరూ ఏసీలు వేసినప్పుడు వోల్టేజీ పడిపోతుంది. వోల్టేజీ తగ్గితే అదే పని చేయడానికి అడాప్టర్ ఎక్కువ కరెంటు లాగుతుంది, ఇంకా కాగుతుంది. దాన్ని కూడా గాలి తగిలేచోట ఉంచండి. మార్చాల్సి వస్తే వోల్టులు సరిగ్గా అవే ఉండాలి, ఆంపియర్లు అంతే లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి, పిన్ను లోపల ప్లస్, బయట మైనస్ గుర్తు కలవాలి. 9 వోల్టుల డబ్బాకు 12 వోల్టులది తగిలిస్తే వేడి గురించి ఆలోచించే అవసరం ఇక రాదు, డబ్బాయే ఉండదు.

నెట్ పోయిన ప్రతిసారీ వేడి మీద నెపం వేయకండి. ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న దీపం ఎర్రగా వెలిగితే ఫైబరులో వెలుగు రావడం లేదని అర్థం. తీగ తెగిందో, మడత పడిందో, స్తంభం దగ్గర ఎవరో లాగారో. డబ్బాను ఎక్కడికి మార్చినా అది బాగుపడదు. దీపాలన్నీ ఒకేసారి ఆరి వెలుగుతుంటే ముందు అడాప్టర్‌ను చూడండి. దీపాలన్నీ మామూలుగానే ఉండి, మధ్యాహ్నం మాత్రమే నెట్ నెమ్మదిస్తూ, పది నిమిషాలు ఆపి వేస్తే కాసేపు బాగా నడుస్తుంటే, అప్పుడు వేడి. తేల్చుకోవడానికి ఖర్చేమీ అక్కరలేదు. ఫైబరు తీగ అందినంత మేర డబ్బాను బయటికి తీసి, స్టూలు మీద నిలబెట్టి, సీలింగు ఫ్యాను కింద రెండు మధ్యాహ్నాలు నడపండి. జబ్బు మాయమైతే చోటుదే తప్పు. డబ్బా మీద అరచేయి ఆనించి చూడండి, వెచ్చగా తగలడం మామూలే. పది లెక్కపెట్టేలోపు చెయ్యి తీసెయ్యాల్సి వస్తే అది మామూలు కాదు.

మరి ఎక్కడ పెట్టాలి? హాలు లోపలి గోడకు, అంటే అటువైపు ఎండ తగలని గోడకు, మన ఛాతీ ఎత్తు నుంచి తల ఎత్తులోపు. చుట్టూ కనీసం నాలుగు వేళ్ళ ఖాళీ, పైన ఏమీ లేకుండా. డబ్బా అడుగున రెండు కన్నాలుంటాయి, అవి గోడకు బిగించడానికే. అలా నిలువుగా బిగిస్తే గాలి కిందనుంచి పైకి సాఫీగా పోతుంది, బల్ల మీద పడుకోబెట్టినదానికంటే తేలిగ్గా చల్లబడుతుంది. యాంటెనాలుంటే నిటారుగా నిలపండి. తీగ పొడుగు చాలదని కుర్రాడంటే ఊరుకోవద్దు. "బాబూ, ఇంకో ఐదు మీటర్లు వెయ్యి, దానికయ్యేది ఇస్తాను" అనండి. మిగిలిన తీగను చుట్టేటప్పుడు చుట్ట అడ్డంగా ఆరు సెంటీమీటర్లకంటే చిన్నది కాకుండా చూడండి, ఫైబరును నొక్కి మడిస్తే వెలుగు కారిపోతుంది. హాలు మధ్యలో డబ్బా కనపడితే ఇల్లు అందంగా ఉండదని బాధపడేవాళ్ళను చూశాను. గడియారం కనపడుతోంది, స్విచ్‌బోర్డు కనపడుతోంది, కేలండరు కనపడుతోంది. ఇంటిల్లిపాదీ పొద్దస్తమానం వాడే వస్తువు కనపడితే లోటేమీ లేదు. ఈ చిట్కాలన్నిటిలో నేను అన్నిటికంటే గట్టిగా పట్టుబట్టేది దీనికే, దాచొద్దు.

చల్లబరచడానికి చిన్న యూఎస్‌బీ ఫ్యాను పెట్టొచ్చా అని చాలామంది అడుగుతారు. చోటు బాగుంటే అక్కరలేదు. పెడితే మాత్రం దుమ్మూ ఉప్పూ అది రెట్టింపుగా లాక్కొస్తుంది, కాబట్టి తుడవడం కూడా రెట్టింపు చేయాలి.

తుపాను రోజుల మాట కూడా చెప్పాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తీరం దాటింది బాపట్ల దగ్గరే. అలాంటప్పుడూ, పిడుగుల వానలోనూ అడాప్టర్‌ను సాకెట్లోంచి ఊడదీయండి, స్విచ్ ఆపితే సరిపోదు. ఫైబరు గాజే కాబట్టి పిడుగు దాన్నిపట్టుకుని రాదనుకుంటారు. స్తంభం నుంచి ఇంటికొచ్చే తీగలో దన్నుకోసం ఇనపతీగ ఉంటుందని మరవకండి. మేడమీదికో పక్కింటికో లాగిన లాన్ తీగను కూడా తీసేయాలి. కరెంటు పోయినప్పుడు వాడే చిన్న బ్యాటరీ పెట్టెను డబ్బాకు ఆనించి టేపు చుట్టేస్తున్నారు, అలా చేయకండి. అందులోది లిథియం బ్యాటరీ, డబ్బాకంటే అదే వేడికి ఎక్కువ భయపడాలి. జానెడు దూరంలో పెట్టండి. డబ్బా తడిస్తే ఆరిందనుకుని ఆ పూటే వేయొద్దు, ఫ్యాను గాలికి రెండు రోజులు ఆరనివ్వండి. కరెంటు తిరిగొచ్చాక కూడా వోల్టేజీ కుదురుకునేదాకా ఓ పది నిమిషాలు ఆగి, ఆ తరవాతే అడాప్టర్ పెట్టండి.